అరుదైన బైక్‌కి స్పేర్ పార్ట్ ఎందుకంత లేటు? పార్ట్స్ కౌంటర్ వెనక జరిగేది ఇదీ

ఫోన్ రివ్యూ రాసేటప్పుడు చివర్లో ఒక లైన్ తప్పకుండా రాస్తాం: ఈ బ్రాండ్‌కి మీ ఊరి దగ్గర సర్వీస్ సెంటర్ ఉందో లేదో చూసుకోండి అని. రెండున్నర లక్షల బైక్ దగ్గరికొచ్చేసరికి ఆ లైన్ మాయమైపోతుంది. పవర్ ఎంత, టార్క్ ఎంత, స్క్రీన్‌లో మ్యాప్స్ వస్తాయా, క్విక్ షిఫ్టర్ ఉందా... అక్కడితో రివ్యూ అయిపోతుంది. బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉండేవాళ్లకి దాంతో సరిపోవచ్చు. నేనుండేది దొరవారిసత్రంలో. 16వ నంబర్ జాతీయ రహదారి మీద, నాయుడుపేటకీ సూళ్లూరుపేటకీ మధ్యలో. ఇక్కడ స్ప్లెండర్ క్లచ్ వైరు తెగితే సమస్యే కాదు. మెకానిక్ షాపులో మేకుకి తగిలించి ఉంటుంది, పావుగంటలో వేసి పంపిస్తాడు. అదే కొంచెం అరుదైన బండి అయితే నెల్లూరు పోవాలి, లేదా తిరుపతి, లేదా చెన్నై. అక్కడికి పోయినా చేతికి వచ్చేది పార్ట్ కాదు, ఎక్కువసార్లు ఒక తేదీ మాత్రమే.

చలికాలంలో నేలపట్టు పక్షుల కోసం, పులికాట్ మీదుగా శ్రీహరికోట వెళ్లే రోడ్డు కోసం చెన్నై నుంచి పెద్ద పెద్ద బైకులు గుంపులుగా వస్తుంటాయి. అవి చూసి మా వైపు కుర్రాళ్లు మనసు పారేసుకోవడం మామూలే. చెన్నై సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో వాటి ధర చూస్తే ఇంకా టెంప్ట్ అవుతారు. మూడేళ్ల బండి సగం రేటుకే వస్తోందంటే లాభమే అనిపిస్తుంది. ఆ రేటు ఎందుకు పడిపోయిందో కొన్న తర్వాత పార్ట్స్ కౌంటర్ దగ్గర తెలుస్తుంది. అందుకే ఈ ఆర్టికల్ మొత్తం ఆ కౌంటర్ గురించే.

అరుదైన బండి అంటే ఏది?

ధర ఎక్కువైతే అరుదు అనుకోవద్దు. రాయల్ ఎన్‌ఫీల్డ్ 650 బండ్లు ఖరీదైనవే. కానీ కంపెనీ ఫ్యాక్టరీలు చెన్నై చుట్టుపక్కలే ఉన్నాయి, షోరూములు ఊరూరా ఉన్నాయి, పార్ట్ కోసం మరీ అంత తిరగక్కర్లేదు. దానికంటే లక్ష తక్కువ ధర ఉన్న ఓ చిన్న బ్రాండ్ 250 సీసీ బండికి బ్రేక్ లివర్ విరిగితే నెల ఆగాల్సి రావచ్చు. మీరుండే చోటికి దగ్గర్లో ఆ మోడల్ బండ్లు ఎన్ని తిరుగుతున్నాయి, వాటి పార్ట్ నంబర్ కొట్టగలిగే కంప్యూటర్ ఎక్కడుంది అన్నదే అసలు లెక్క.

ఇక్కడే చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. పెద్ద బ్రాండ్ అయినా నెట్‌వర్క్ వేరు కావచ్చు. 2020 సెప్టెంబర్ 30న వచ్చిన హైనెస్ సీబీ350ని హోండా తన మామూలు షోరూముల్లో పెట్టలేదు, బిగ్‌వింగ్ అనే వేరే షోరూముల ద్వారా అమ్మింది. యాక్టివాకి సర్వీస్ చేసే కౌంటర్‌కి వెళ్లి "ఇదీ హోండానే కదన్నా" అంటే పని జరగదు. 2023 జులైలో వచ్చిన ట్రయంఫ్ స్పీడ్ 400 బజాజ్ వాళ్ల చాకన్ ఫ్యాక్టరీలోనే తయారవుతుంది. అయినా పల్సర్ కౌంటర్‌లో దాని పార్టులు అడగలేం. బీఎండబ్ల్యూ జీ310ఆర్‌ని హోసూరులో టీవీఎస్ తయారుచేసింది, అపాచీ ఆర్ఆర్310 ఇంజిన్ కూడా అదే కుటుంబం. అయినా బీఎండబ్ల్యూ డబ్బాలో వచ్చే పార్ట్‌కి నంబర్ వేరు, ధర వేరు, బిల్లు కొట్టే కౌంటర్ వేరు.

అలాగే ఫ్యాక్టరీ దగ్గరుంటే పార్ట్ దగ్గరున్నట్టు కాదు. మా జిల్లాలోనే సత్యవేడు దగ్గర మదనపాలెంలో హీరో ఫ్యాక్టరీ ఉంది. అంతమాత్రాన గేటు దగ్గరికి వెళ్లి పార్ట్ అడిగితే ఎవరూ ఇవ్వరు. ఏ కంపెనీ అయినా విడిభాగాలు ముందు తన పెద్ద గోడౌన్‌కి పోవాలి, అక్కడ డబ్బాలో పెట్టి ఎంఆర్‌పీ స్టిక్కర్ వేసుకోవాలి, తర్వాత డిపోకి, అక్కణ్ణించి డీలర్‌కి రావాలి. మన ఇంటి ముందు రోడ్డు మీద నుంచే ఉత్తరాదికి పోయి, మళ్లీ అదే రోడ్డు మీద వెనక్కి వచ్చే పార్టులు కూడా ఉంటాయి.

కౌంటర్‌లో మనిషి "లేదు" అని ఎందుకంటాడు

కౌంటర్ వెనక అరల్లో ఉన్న సరుకంతా కంపెనీది అనుకుంటాం. అదంతా డీలర్ తన సొంత డబ్బు పెట్టి కొన్నది. అందుకే పార్టులని కదిలేవి, మెల్లగా కదిలేవి, అసలు కదలనివి అని లెక్క వేసుకుంటాడు. ఆయిల్ ఫిల్టర్, బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ వైరు, చైన్ సెట్టు మొదటి రకం. సెన్సర్లు, స్పీడోమీటర్, ఫోర్క్ రాడ్లు, ఫెయిరింగ్ ప్లాస్టిక్ చివరి రకం.

ఒక లెక్క వేసి చూద్దాం. మీ మోడల్ బండ్లు ఆ డీలర్ పరిధిలో 15 ఉన్నాయనుకోండి. స్పీడోమీటర్ ఖరీదు 9,000 రూపాయలు అనుకోండి. ఏడాదికి ఒకటి అమ్ముడైతే గొప్ప. ఆ 9,000 పెట్టి ఇంజిన్ ఆయిల్ తెచ్చిపెట్టుకుంటే అదే డబ్బు నెలలో రెండుసార్లు చేతికి తిరిగొస్తుంది. పైగా వచ్చే ఏడాది కంపెనీ మోడల్ మార్చేస్తే ఆ స్పీడోమీటర్ అరలో అలాగే ఉండిపోతుంది, చాలాసార్లు కంపెనీ వెనక్కి తీసుకోదు. మీరే ఆ డీలర్ అయితే తెస్తారా? నేనైతే తేను. కాబట్టి కౌంటర్‌లో కుర్రాడి మీద అరిచి లాభం లేదు. అతని చేతిలో ఉన్నది ఒక కంప్యూటర్, ఒక నోట్‌బుక్, ఒక ఫోన్. అంతే.

చిన్న ఊళ్లలో ఇంకో మెట్టు అదనంగా ఉంటుంది. బోర్డు మీద 'ఆథరైజ్డ్ సర్వీస్' అని ఉన్నా, అది సబ్ డీలర్ అయితే చాలాసార్లు కంపెనీ సిస్టమ్‌లో నేరుగా ఆర్డర్ పెట్టే లాగిన్ ఉండదు. వాళ్లు మెయిన్ డీలర్‌కి ఫోన్ చేయాలి, మెయిన్ డీలర్ తన ఆర్డర్‌లో కలపాలి. మెయిన్ డీలర్ మామూలు స్టాక్ ఆర్డర్ రోజూ పెట్టడు, వారానికోసారి, పది రోజులకోసారి కలిపి పెడతాడు. మీరు అడిగిన రోజు ఆర్డర్ వెళ్లిన మర్నాడైతే, ఏ తప్పూ జరగకుండానే మీకు వారం పోయినట్టే.

ఇక అసెంబ్లీ గొడవ. ఫోన్ కింద పడి పైగ్లాస్ పగిలితే సర్వీస్ సెంటర్‌లో మొత్తం డిస్‌ప్లే మార్చాలంటారు చూశారా, బైకుల్లోనూ అదే జరుగుతుంది. చెడిపోయింది 50 రూపాయల రబ్బరు రింగు. కానీ కేటలాగ్‌లో ఆ రింగుకి విడిగా నంబర్ ఉండదు, అది కూర్చునే మొత్తం యూనిట్‌కే ఉంటుంది. అప్పుడు కౌంటర్‌లో వాళ్లు చెప్పే 7,000 రూపాయల ధర విని దోపిడీ అనిపిస్తుంది. ఆ నిర్ణయం తీసుకున్నది కంపెనీ, కౌంటర్ కాదు. నా దృష్టిలో చిన్న బ్రాండ్ల అసలు బలహీనత ఇదే. దూరం కంటే దీనివల్లే జేబుకి ఎక్కువ చిల్లు పడుతుంది.

"ఆర్డర్ పెట్టాం" అనే మాటకి మూడు అర్థాలు

మా ఊళ్లో నా స్నేహితుడొకడు చెన్నైలో సెకండ్ హ్యాండ్ ట్విన్ సిలిండర్ బండి కొన్నాడు. బ్రాండ్ పేరు, షోరూం పేరు రాయను. చాలా బ్రాండ్లలో జరిగేదే ఇది. వాడికి శ్రీసిటీలో షిఫ్ట్ డ్యూటీ. ఒకరోజు సైడ్ స్టాండ్ తీసినా బండి ఇంకా స్టాండ్ మీదే ఉందనుకోవడం మొదలుపెట్టింది. గేర్ వేయగానే ఇంజిన్ ఆగిపోతోంది. విప్పి చూస్తే స్టాండ్ దగ్గరుండే చిన్న స్విచ్ లోపల పచ్చగా తుప్పు. పులికాట్ ఉప్పుగాలికి మా వైపు కనెక్టర్లు, బోల్టులు త్వరగా పోతాయి, అది కొత్త సంగతి కాదు.

ఫోన్ చేస్తే కౌంటర్ నుంచి జవాబు: "ఆర్డర్ పెట్టాం అన్నా, వారంలో వచ్చేస్తుంది." వారం నాలుగు వారాలైంది. రాత్రి షిఫ్ట్ దిగాక బస్సు దొరక్క వాడు లారీలెక్కి ఇంటికొస్తున్నాడు. చివరికి ఇద్దరం కలిసి వెళ్లాం.

"అన్నా, ఆర్డర్ నంబర్ చెప్పు, రాసుకుంటా" అన్నాడు మావాడు.

కౌంటర్ కుర్రాడు కంప్యూటర్ వైపు చూడకుండా నోట్‌బుక్ తీశాడు. "ఇదిగో, పేరు రాసి పెట్టా అన్నా. సిస్టమ్‌లో ఇంకా ఎక్కలేదు. అడ్వాన్స్ కట్టలేదు కదా మీరు."

అడ్వాన్స్ కట్టాలని ఎవరూ చెప్పలేదు. అతనిదీ అబద్ధం కాదు, నోట్‌బుక్‌లో రాయడాన్ని వాళ్లు ఆర్డర్ పెట్టడం అనే అంటారు. అక్కడే సగం డబ్బు కట్టి, సిస్టమ్‌లో నంబర్ పుట్టించి, ప్రింట్ తీసుకుని వచ్చాం. తొమ్మిదో రోజు పార్ట్ వచ్చింది.

అందుకే కౌంటర్‌లో ఆ మాట వినగానే ఏ మెట్టు మీద ఉందో అడగాలి. నోట్‌బుక్‌లో ఉందా? కంపెనీ సిస్టమ్‌లో ఎక్కిందా? డిపో నుంచి మీ పేరు మీద బయల్దేరిందా? రెండో మెట్టు నుంచి మాత్రమే రోజులు లెక్క పెట్టాలి. ఆర్డర్ నంబర్, తేదీ వాట్సాప్‌లో పంపమనండి. తర్వాత కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసినప్పుడు "నా పార్ట్ రాలేదు" అంటే టికెట్ నంబర్ ఇచ్చి పెట్టేస్తారు. "ఫలానా ఆర్డర్, ఫలానా తేదీ, ఇంకా డిస్పాచ్ కాలేదు" అంటే అవతలి మనిషికి వెతకడానికి ఒక ఆధారం ఉంటుంది.

ఇంకో మాట. బండి కదలకుండా పడి ఉంటే చాలా కంపెనీల్లో మామూలు స్టాక్ ఆర్డర్ కాకుండా ఎమర్జెన్సీ ఆర్డర్ ఉంటుంది. కౌంటర్ భాషలో దాన్ని వీఓఆర్ అంటారు, అంటే బండి రోడ్డు మీదికి రాలేని స్థితిలో ఉందని. ఇది కలిపి పెట్టే లిస్టు కోసం ఆగదు, విడిగా వెళ్తుంది. అయితే దీనికి సాధారణంగా జాబ్ కార్డ్ తెరిచి, చాసిస్ నంబర్ ఎక్కించాలి. "బండి తెచ్చి ఇక్కడ పెట్టండి" అని వాళ్లు అడిగేది ఎక్కువగా అందుకే. బండి ఇంట్లో ఉంచుకుని ఫోన్‌లో ఎంత బతిమాలినా ఆ ఆర్డర్ పుట్టదు. మరో చోట కూడా రోజులు పోతాయి: వారంటీ కింద వచ్చే పార్ట్‌కి ఫొటోలు పంపి, కంపెనీ ఒప్పుకునేదాకా ఆగాలి. డబ్బు కట్టి కొనే పార్ట్‌కి ఆ ఆగడం ఉండదు. పార్ట్ 300 రూపాయలదైతే వారంటీని పక్కన పెట్టి కొనేసుకోవడమే నయం.

మధ్యలో ఆ నాలుగు వారాలు ఊళ్లో మెకానిక్ ఒక సలహా ఇచ్చాడు, రెండు వైర్లు కలిపేస్తే స్విచ్ లేకుండానే బండి నడుస్తుందని. నడుస్తుంది నిజమే. కానీ స్టాండ్ దించి ఉన్నా ఇంజిన్ ఆగదు. హైవే ఎక్కి ఎడమ వైపు వంగినప్పుడు ఆ స్టాండ్ రోడ్డుకి తగిలితే ఏమవుతుందో ఊహించుకోండి. మావాడు ఒప్పుకోలేదు, లారీలే ఎక్కాడు.

నంబర్ పట్టుకుని వెళ్తే కౌంటర్ మాట మారుతుంది

"అన్నా, ముందు టైర్ దగ్గర ఉంటుంది చూడు, నల్లగా, ప్లాస్టిక్‌ది" అని వర్ణించేవాళ్లని కౌంటర్ రోజూ చూస్తుంది. ఫోన్‌కి స్పేర్ అడిగేటప్పుడు మోడల్ నంబర్ చెప్తాం కదా, బైక్‌కి చాసిస్ నంబర్ అలాంటిది. సాధారణంగా హ్యాండిల్ కింద ఫ్రేమ్ మీద కొట్టి ఉంటుంది, ఆర్‌సీలో కూడా ఉంటుంది. 17 అక్షరాలు. మొదటి మూడు తయారీదారువి: ఎంఈ3 అయితే రాయల్ ఎన్‌ఫీల్డ్, ఎంబీఎల్ అయితే హీరో, ఎండీ2 అయితే బజాజ్. ఇందులో ఇంగ్లిష్ ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు, కాబట్టి గుండ్రంగా కనిపించేది సున్నానే. ఈ ఒక్క తేడా వల్ల "ఈ నంబర్ తీసుకోవట్లేదన్నా" అనే ఫోన్ కాల్ ఒకటి తగ్గుతుంది.

చాసిస్ నంబర్ ఎందుకంత ముఖ్యమంటే, ఒకే పేరుతో అమ్మిన బండి లోపల వేరు కావచ్చు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 వచ్చాక చాలా మోడళ్లలో సైలెన్సర్, సెన్సర్లు, వైరింగ్ మారిపోయాయి, కార్బొరేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. 2023 ఏప్రిల్‌లో రెండో దశ నిబంధనలతో మళ్లీ కొన్ని మారాయి. మోడల్ పేరు మాత్రం చెప్పి తెప్పించుకుంటే పాత వైరింగ్‌కి కొత్త సెన్సర్ వస్తుంది. ఆర్డర్ మీద తెచ్చింది కాబట్టి వాపసు తీసుకోరు.

తర్వాత పార్ట్ నంబర్. ప్రతి బండికీ ముక్క ముక్కగా విడదీసి గీసిన బొమ్మలతో పార్ట్స్ కేటలాగ్ ఉంటుంది. కేటీఎం వాళ్లకి స్పేర్ పార్ట్స్ ఫైండర్ అనే సైట్ ఉంది, అందరూ చూడొచ్చు. ఇంకొన్ని కంపెనీలవి పీడీఎఫ్‌లు దొరుకుతాయి. బొమ్మలో మీ పార్ట్ పక్కన ఉన్న అంకె, దాని నంబర్ స్క్రీన్‌షాట్ తీసి కౌంటర్‌కి పంపితే, అతను పది నిమిషాలు వెతికే పని పది సెకన్లలో అయిపోతుంది. "ఈ నంబర్ ఆగిపోయింది" అన్నాడా, అక్కడితో వెనక్కి రావద్దు. "దీని బదులు వచ్చిన కొత్త నంబర్ ఏంటన్నా?" అని అడగండి. కంపెనీలు పార్ట్‌ని కొద్దిగా మార్చినప్పుడల్లా పాత నంబర్ మూసేసి కొత్తది ఇస్తుంటాయి. పాత లిస్టులో చూసేవాళ్లకి అది ఆగిపోయినట్టే కనిపిస్తుంది.

పార్ట్ చేతికి వచ్చాక డబ్బా మీద ఎంఆర్‌పీ చూడండి, అంతకు మించి తీసుకోకూడదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి బండ్ల విడిభాగాల మీద జీఎస్టీ 18 శాతం, అంతకు ముందు చాలావాటి మీద 28 ఉండేది. పాత స్టిక్కర్ ఉన్న డబ్బా అయితే బిల్లులో ఎంత వేశారో అడగడంలో తప్పులేదు.

కౌంటర్ బయట దొరికేవి

కంపెనీ డబ్బాలో వచ్చే ప్రతిదీ కంపెనీ తయారుచేసింది కాదు. బేరింగు మీద 6203 అని ఉంటే అది ఏ బ్రాండ్ బండిలో ఉన్నా లోపల 17, బయట 40, మందం 12 మిల్లీమీటర్లే. నంబర్ చూసి బేరింగుల షాపులో మంచి బ్రాండ్‌ది కొనుక్కోవచ్చు, కాకపోతే పక్కన సీ3 అనో 2ఆర్‌ఎస్ అనో ఉంటే అదీ కలవాలి. ఆయిల్ సీల్ మీద కూడా మూడు అంకెలు ఉంటాయి: లోపలి కొలత, బయటి కొలత, మందం. స్పార్క్ ప్లగ్గు నంబర్ ప్లగ్గు మీదే ఉంటుంది. చైన్ 520 అయితే పిచ్ 15.875 మిల్లీమీటర్లు, 428 అయితే 12.7. ఎన్ని లింకులో లెక్కపెట్టుకుని వెళ్తే సరిపోతుంది. బ్రేక్ ప్యాడ్‌కి బండి పేరు కంటే కాలిపర్ ముఖ్యం. బ్రెంబో వాళ్ల బైబ్రే కాలిపర్లు చాలా బ్రాండ్ల బండ్లకి వస్తాయి, పాత ప్యాడ్ చేతిలో పెట్టుకుని వెళ్తే ఆకారం కలిపి చూసుకోవచ్చు.

మా వైపు వాళ్లకి దీనికి చెన్నైయే దిక్కు. సూళ్లూరుపేటలో లోకల్ ట్రైన్ ఎక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. కొత్త పార్టులు, యాక్సెసరీలకి జనరల్ ప్యాటర్స్ రోడ్, విప్పిన బండ్ల పాత పార్టులకి పుదుపేట. పుదుపేటలో ఫుట్‌రెస్టు, గార్డు, సీటు, అద్దం, ప్లాస్టిక్ ముక్క కొనండి, ఫర్వాలేదు. ఏబీఎస్ యూనిట్, ఈసీయూ, వాడిన బ్రేక్ డిస్కు మాత్రం నేను కొనను, మిమ్మల్నీ కొనమనను. అది ఏ యాక్సిడెంట్ బండి నుంచి వచ్చిందో మనకి తెలీదు. పైగా కొత్త బండ్లలో ఇవి మార్చాక కంపెనీ డయాగ్నొస్టిక్ టూల్ పెట్టి సెట్ చేయాల్సి రావచ్చు. సీటు కింద 6 పిన్నుల కనెక్టర్ ఉన్నంత మాత్రాన మనం కొన్న బ్లూటూత్ డాంగిల్ అన్నీ చదవదు. ఫాల్ట్ కోడ్ చూపించడం వేరు, కొత్త యూనిట్‌ని బండికి పరిచయం చేయడం వేరు.

బ్రాండే వెళ్లిపోతే

హ్యోసంగ్ సంగతి చూడండి. ఈ కొరియా బ్రాండ్‌ని 2000ల మొదట్లో మన దేశంలో అమ్మింది కైనెటిక్. తర్వాత గార్వారే, 2012లో డీఎస్‌కే, 2018లో మళ్లీ కైనెటిక్ గ్రూప్. చేతులు మారిన ప్రతిసారీ షోరూములు మారతాయి, గోడౌన్ మారుతుంది, పాత మోడళ్ల స్టాక్ ఎవరి దగ్గరుందో వెతుక్కోవాలి. బెనెల్లీ కూడా మొదట డీఎస్‌కే దగ్గరే ఉండేది. 2018లో హైదరాబాద్‌కి చెందిన మహావీర్ గ్రూప్ కంపెనీ ఆదీశ్వర్ ఆటో రైడ్ ఇండియా చేతికి వచ్చింది. అలా ఒక ఇటలీ పేరున్న బండికి అసలు అడ్డా మన హైదరాబాదే అయింది. 2016లో మొదలైన యూఎం రెనిగేడ్ బండ్లు కొన్నేళ్లకే ఆగిపోయాయి. వాటికి వారసుడెవరూ రాలేదు.

హార్లీ డేవిడ్‌సన్ 2020 సెప్టెంబర్‌లో ఇండియాలో తయారీ ఆపేస్తున్నానని ప్రకటించింది. ఒక్క నెలలో హీరోతో ఒప్పందం కుదిరింది, అమ్మకాలతో పాటు సర్వీసూ పార్టులూ హీరో చూసుకుంటుందని. 2023 జులైలో ఎక్స్440 కూడా వచ్చింది. పెద్ద పేరు ఉన్న బ్రాండ్ పోయినా తీసుకోవడానికి ఎవరో ఒకరు ముందుకొస్తారు, చిన్న పేరుకి ఆ అదృష్టం తక్కువ. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు నేను మొదట చూసేది ఇంజిన్ శబ్దం కాదు, ఆ బ్రాండ్‌కి ఇవాళ దిగుమతిదారు ఎవరు అన్నది.

కొనే ముందు ఒక చిన్న పరీక్ష పెట్టండి. నచ్చిన బండి చాసిస్ నంబర్ ఫొటో తీసుకోండి. మీకు అందుబాటులో ఉన్న రెండు వేర్వేరు కౌంటర్లకి కస్టమర్‌లాగే ఫోన్ చేసి ఐదు పార్టులు అడగండి: క్లచ్ వైరు, ముందు బ్రేక్ ప్యాడ్లు, బ్రేక్ లివర్, ఎయిర్ ఫిల్టర్, హెడ్‌లైట్. ఒక్కోదానికి ధర, స్టాక్, రాకపోతే ఎన్ని రోజులు. మొదటి నాలుగింటిలో రెండు కూడా స్టాక్ లేకపోతే, అది నెలకి రెండుసార్లు ఆదివారం తిప్పుకునే బండి, డ్యూటీకి వెళ్లే బండి కాదు. హెడ్‌లైట్ ధర ఎందుకంటే, పడితే మొదట పగిలేది అదే. కొన్ని బండ్లకి ఎల్‌ఈడీ హెడ్‌లైట్ యూనిట్ ధర వింటే కొనే ఆలోచనే మానుకుంటారు. సేల్స్ మనిషిని మాత్రం ఈ ప్రశ్నలు అడక్కండి. అతను అన్నీ ఉన్నాయంటాడు.

మాట వినకపోతే

డబ్బు తీసుకుని నెలలు తిప్పితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. ఇక్కడా ఆర్డర్ నంబర్, అడ్వాన్స్ రసీదు, వాట్సాప్ మెసేజ్‌లే మీ ఆయుధాలు. అక్కడ తేలకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం బండి ఎక్కడ కొన్నా మీరు ఉండే చోటి కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. చెన్నైలో కొన్నాం కదా అని చెన్నై తిరగక్కర్లేదు, 2022 ఏప్రిల్ నుంచి మా మండలం తిరుపతి జిల్లాలో ఉంది కాబట్టి మాకు తిరుపతి. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు కూడా ఉండదు, ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్‌లో వేసుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబర్ 24న మొదలుపెట్టిన రైట్ టు రిపేర్ పోర్టల్‌లో ఫోన్లు, టీవీలతో పాటు వాహనాల విభాగం కూడా ఉంది. కంపెనీల సర్వీస్, వారంటీ వివరాలు ఒకచోట చూడ్డానికి పనికొస్తుంది. దాని వల్ల పార్ట్ ఇంటికి వచ్చేస్తుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

ఇప్పటికే అలాంటి బండి మీ ఇంట్లో ఉంటే, సర్వీస్‌కి వెళ్లిన ప్రతిసారీ ఒక చిన్న పార్ట్ అదనంగా తెచ్చి పెట్టుకోండి. క్లచ్ వైరు, రెండు లివర్లు, ఒక జత ముందు ప్యాడ్లు, ఆయిల్ ఫిల్టర్, సరైన నంబర్ స్పార్క్ ప్లగ్గు, రెండు ఫ్యూజులు. కొత్త క్లచ్ వైరుని పాతదాని పక్కనే ట్యాంక్ కింద కట్టి ఉంచేవాళ్లు కూడా ఉన్నారు, తెగిన చోటే రెండు కొసలు మార్చి బయల్దేరతారు. మా లాగా ఉప్పుగాలి ఊళ్లో అయితే వానాకాలం ముందొకసారి సైడ్ స్టాండ్ స్విచ్, వీల్ సెన్సర్ కనెక్టర్లు విప్పి, తుడిచి, డైఎలెక్ట్రిక్ గ్రీజు కొద్దిగా పూయించండి. చిన్న ట్యూబ్ ఒకటి కొంటే ఏళ్ల తరబడి వస్తుంది.